క్రెటా ముందు అద్దం పగిలింది: క్లెయిమ్ వేయాలా, చేతి డబ్బు పెట్టుకోవాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. 2024లో అడాస్ (కెమెరా సాయంతో డ్రైవర్‌కు తోడ్పడే భద్రతా వ్యవస్థ) సదుపాయం ఉన్న హ్యుందాయ్ క్రెటా డీజిల్ కారు కొన్నాను. పాత కారు మీద సంపాదించుకున్న 50 శాతం నో క్లెయిమ్ బోనస్‌ను (క్లెయిమ్ వేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపును) ఈ కారు పాలసీకి మార్పించుకున్నాను. గత వారం హైదరాబాద్ నుంచి వస్తుండగా కంకర టిప్పర్ నుంచి రాయి ఎగిరిపడి, ముందు అద్దం మీద డ్రైవర్ వైపు అంచు నుంచి మధ్య దాకా పగులు పాకింది. సర్వీస్ సెంటర్‌లో మొత్తం ₹28,000 అవుతుందన్నారు. అందులో అద్దానికి ₹17,500, బీడింగ్, క్లిప్పులకు ₹2,000, సీలెంట్‌కు ₹1,500, లేబర్‌కు ₹3,000, కెమెరా క్యాలిబ్రేషన్‌కు (దాని గురిని మళ్లీ సరిచేయడానికి) ₹4,000 వేశారు. బయటి షాపులో ₹12,500కే మారుస్తామని, క్యాలిబ్రేషన్ అవసరమే లేదని అంటున్నారు. నా పాలసీలో జీరో డెప్ (భాగాల తరుగుదల కోయకుండా చెల్లించే కవర్) ఉంది, కన్స్యూమబుల్స్ (ఒకసారి వాడితే అయిపోయే సామగ్రి) కవర్ లేదు. రెన్యువల్ ఇంకా రెండు నెలలు ఉంది. బోనస్ తీసేయక ముందు ఓన్ డ్యామేజ్ (సొంత కారుకు జరిగే నష్టానికి బీమా) ప్రీమియం సుమారు ₹24,000. సేవింగ్స్ ఖాతాలో ₹70,000 ఉన్నాయి, కారు లోన్ నడుస్తోంది. క్లెయిమ్ వేయనా, సొంతంగా పెట్టుకోనా? రెన్యువల్ అయ్యాక క్లెయిమ్ వేస్తే బోనస్ పోదని ఒక మిత్రుడు చెప్పాడు, అది నిజమేనా?

జవాబు: ముందుగా నా సలహా చెప్పి, తరువాత లెక్క చూపిస్తాను. ఈసారి క్లెయిమ్ వేయకండి. అద్దాన్ని మీ డబ్బుతోనే మార్పించుకోండి, కానీ ₹12,500 షాపులో మాత్రం వద్దు.

అద్దం ఒక్కటే పగిలితే ఇంత ఖర్చు ఎందుకవుతుందని మీరు అడగలేదు గానీ, జవాబు అక్కడి నుంచే మొదలవ్వాలి. 2015 జులైలో ₹8.59 లక్షల ప్రారంభ ఎక్స్-షోరూమ్ ధరతో మొదటి క్రెటా మార్కెట్లోకి వచ్చినప్పుడు ముందు అద్దం అంటే కేవలం అద్దమే. రెండు గాజు పొరల మధ్య పలుచని ప్లాస్టిక్ పొర పెట్టి అతికించిన లామినేటెడ్ గ్లాసును తీసి కొత్తది అతికిస్తే పని అయిపోయేది. 2024 జనవరిలో ₹10.99 లక్షల ప్రారంభ ధరతో వచ్చిన కారులో పై వేరియంట్లకు అడాస్ చేరింది. లేన్ గీతలను, ఎదుటి వాహనాన్ని గమనించి అవసరమైతే తానే బ్రేకు వేసే ఆ వ్యవస్థకు కన్ను లాంటి కెమెరా, లోపలి రియర్ వ్యూ అద్దానికి పైన, ముందు అద్దం వెనుకే బిగించి ఉంటుంది. అంటే తొమ్మిదేళ్లలో ఆ గాజు పలక భద్రతా వ్యవస్థలో భాగమైపోయింది. మీ బిల్లులో ₹4,000 క్యాలిబ్రేషన్ పద్దు వచ్చింది అందుకే.

కారు ఎదుగుదల బీమా లెక్కనూ మార్చింది, ఈ సంగతి చాలామంది గమనించరు. మొదటి తరంలో 1.6 లీటర్ ఇంజిన్లు ఉండేవి, డీజిల్ 1582 సీసీ, పెట్రోల్ 1591 సీసీ. 1500 సీసీ దాటిన కారుకు ప్రతి క్లెయిమ్‌లోనూ యజమాని తప్పనిసరిగా భరించాల్సిన మొత్తం ₹2,000, థర్డ్ పార్టీ (ఇతరులకు కలిగే నష్టానికి బీమా) ప్రీమియం ₹7,897. మీ కారు ఇంజిన్ 1493 సీసీ కాబట్టి మీకు ఆ మొత్తం ₹1,000 మాత్రమే, థర్డ్ పార్టీ ప్రీమియం కూడా ₹3,416తో సరిపోతుంది. పాత 1.6 క్రెటా ఉన్న పాఠకులకు ఒక మాట. కెమెరా లేని అద్దానికి బిల్లు మీ బిల్లుకంటే తక్కువగానే ఉంటుంది, అందులో ₹2,000 ఎలాగూ చేతి నుంచే పోతుంది. మంచి బోనస్ ఉన్నవారు అటువంటి చిన్న బిల్లుకు క్లెయిమ్ ఆలోచనే చేయనక్కరలేదు.

ఇక మీ బిల్లు. గాజుతో చేసిన భాగాలకు మోటారు పాలసీల్లో తరుగుదల కోత లేదు. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు సగం కోస్తారు గానీ గాజుకు కోత సున్నా. అద్దం పగిలినప్పుడు జీరో డెప్ ఉండటం వల్ల పెద్ద మొత్తం ఆదా అవుతుందని ఏజెంట్లు చెప్పే మాట అందుకే సగమే నిజం. మీ విషయంలో జీరో డెప్ కాపాడేది బీడింగ్, క్లిప్పుల ₹2,000లో సగం, అంటే ₹1,000. సీలెంట్ ₹1,500 కన్స్యూమబుల్స్ కిందికి వస్తుంది, ఆ కవర్ మీకు లేదు. తప్పనిసరి వాటా ₹1,000 ఉండనే ఉంది. క్యాలిబ్రేషన్‌ను కంపెనీ ఒప్పుకుందనుకున్నా క్లెయిమ్ ద్వారా మీ చేతికి వచ్చేది ₹25,500.

దీనికి ఎదురుగా కోల్పోయే బోనస్‌ను పెట్టి చూడాలి. నో క్లెయిమ్ బోనస్ ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీదే వస్తుంది, థర్డ్ పార్టీ మీద రాదు. వరుసగా క్లెయిమ్ లేని సంవత్సరాలను బట్టి అది 20, 25, 35, 45, 50 శాతాలుగా పెరుగుతుంది, ఒక్క క్లెయిమ్‌తో సున్నాకు పడి మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. క్లెయిమ్ వేస్తే వచ్చే రెన్యువల్‌లో మీకు 50 శాతానికి బదులు ఏమీ రాదు. ₹24,000 మీద 50 శాతం ₹12,000, దానిపై 18 శాతం జీఎస్టీ ₹2,160 కలిపితే మొదటి ఏడాదే ₹14,160 నష్టం. కారు విలువ తగ్గే కొద్దీ ప్రీమియం కూడా తగ్గుతుంది గనుక, తరువాతి నాలుగు రెన్యువళ్లకు ₹22,000, ₹20,000, ₹18,000, ₹16,500 అనుకుని వేశాను. రెండో ఏడాది 50కి బదులు 20 శాతమే వస్తుంది కాబట్టి ₹7,788, మూడో ఏడాది ₹5,900, నాలుగో ఏడాది ₹3,186, అయిదో ఏడాది ₹973 చొప్పున ఎక్కువ కట్టాలి. ఆరో రెన్యువల్‌కు గానీ మీరు మళ్లీ ఈ మెట్టుకు చేరరు. మొత్తం కలిపితే ₹32,007 అవుతుంది.

రేపు పోయే రూపాయికి ఈ రోజు విలువ తక్కువ కదా అని మీరు అడగవచ్చు, అడగవలసిన ప్రశ్నే. ఏడాదికి 7 శాతం వడ్డీ లెక్కన వెనక్కి తెచ్చినా నేటి విలువలో నష్టం సుమారు ₹29,600 ఉంటుంది. ₹25,500 కోసం దాన్ని వదులుకోవడం లాభం కాదు.

అయితే ఈ లెక్కకు ఒక షరతు ఉంది. ఈ అయిదేళ్లలో మీకు మరో క్లెయిమ్ రాదని ఇది అనుకుంటోంది. ఒకవేళ వచ్చే ఏడాదే బంపరో తలుపో దెబ్బతిని పెద్ద క్లెయిమ్ వేయాల్సి వస్తే, ఈ రోజు కాపాడుకున్న బోనస్ అప్పుడెలాగూ పోతుంది. అప్పుడు అద్దానికి క్లెయిమ్ వేయనందుకు మీకు మిగిలేది ₹14,160 మాత్రమే, అంటే మీరు నష్టపోయినట్టే. వరుసగా మూడు రెన్యువళ్లు క్లెయిమ్ లేకుండా దాటితే కాపాడుకున్న మొత్తం ₹27,848కు చేరి, నా సలహా మీకు లాభంగా మారుతుంది. రెండేళ్ల రెండు నెలల పాటు పెద్ద దెబ్బ తగలకుండా కారు నడపగలమనే నమ్మకం మీకు ఉండాలన్నమాట. 50 శాతం బోనస్ రావాలంటే కనీసం అయిదేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపి ఉండాలి కాబట్టి, మీ విషయంలో ఆ నమ్మకానికి ఆధారం ఉందని నేననుకుంటున్నాను.

ఇదే ప్రశ్నను, వచ్చే రెన్యువల్‌లో 20 శాతం బోనస్ రావలసినవారు అడిగితే నా జవాబు తలకిందులవుతుంది. అదే ప్రీమియంతో లెక్క వేస్తే వారికి అయిదేళ్లలో పోయేది మొత్తం ₹12,419 మాత్రమే, వచ్చేది ₹25,500. వారు నిస్సంకోచంగా క్లెయిమ్ వేసుకోవాలి. ఈ పాలసీ సంవత్సరంలోనే ఇంకో క్లెయిమ్ ఇప్పటికే వేసినవారు కూడా అంతే, ఎందుకంటే పోవలసిన బోనస్ ఒకసారి పోయాక రెండో క్లెయిమ్‌తో మళ్లీ పోదు. కాకపోతే జీరో డెప్ కింద ఏడాదికి ఎన్ని క్లెయిములకు అనుమతి ఉందో, కొన్ని పాలసీల్లో అది రెండే, ముందు చూసుకోవాలి.

మీ మిత్రుడి మాట గురించి గట్టిగానే చెబుతున్నాను. దెబ్బ తగిలిన తేదీ ఏ పాలసీ కాలంలో ఉందో క్లెయిమ్ ఆ పాలసీ కిందికే వస్తుంది. రెన్యువల్ అయ్యాక తేదీ మార్చి చెప్పడమంటే బీమా కంపెనీకి అబద్ధం చెప్పడమే, ఆ తేదీ అబద్ధమని తేలితే అద్దం డబ్బు మాత్రమే కాదు, బోనస్ తప్పుగా ప్రకటించారన్న కారణంతో తరువాత రాబోయే పెద్ద క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడుతుంది. లక్షల విలువైన రక్షణను పాతిక వేల కోసం పణంగా పెట్టకండి. పైగా పగులు డ్రైవర్ చూపు దారిలోకి పాకిందంటున్నారు. అంచు నుంచి మొదలైన పగులు ఎండకు, ఏసీ చల్లదనానికి, రోడ్డు కుదుపులకు పెరుగుతూనే ఉంటుంది, కాబట్టి రెండు నెలలు ఆగే పరిస్థితి అసలు లేదు. నాణెమంత చిన్న దెబ్బ అయి, చూపుకు అడ్డం రాకుండా ఉంటే రెజిన్ నింపి సరిచేయించమనేవాడిని. మీ పగులు ఆ దశ దాటిపోయింది.

₹12,500 షాపు ఎందుకు వద్దన్నానో ఇప్పుడు చెబుతాను. తక్కువ ధర మీద నాకు అభ్యంతరం లేదు, క్యాలిబ్రేషన్ అక్కరలేదన్న మాట మీద ఉంది. అద్దం తీసి కొత్తది పెట్టినప్పుడు కెమెరా బ్రాకెట్ కూర్చునే కోణంలో ఒక్క డిగ్రీ తేడా వచ్చినా, 50 మీటర్ల దూరంలో అది దాదాపు 87 సెంటీమీటర్ల తేడా అవుతుంది. లేన్‌లో నడిచే మోటార్‌సైకిల్ పక్క లేన్‌లో ఉన్నట్టు కెమెరాకు కనిపించడానికి అంత తేడా చాలు. అతికింపు పనిలో లోపం ఇంకా ప్రమాదకరం. ముందు అద్దం కారు చట్రానికి బలాన్నిస్తుంది, ముందు సీటు ప్రయాణికుడి వైపు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నప్పుడు ఆ అద్దాన్నే ఆనుకుంటుంది. సీలెంట్ సరిగా పట్టని అద్దం ఆ క్షణంలో ఊడిపోవచ్చు.

ఖర్చు తగ్గించే మంచి దారి ఇంకొకటి ఉంది. అసాహి ఇండియా, సెయింట్ గోబెయిన్ వంటి గాజు కంపెనీలు కార్లకు అద్దాలు తయారుచేస్తాయి, బయటి మార్కెట్లో కూడా అమ్ముతాయి. మీ వేరియంట్‌కు సరిపడే, కెమెరా బ్రాకెట్ ఉన్న అద్దం ఆ కంపెనీల ఫిట్టింగ్ కేంద్రాల్లో దొరుకుతుందేమో కనుక్కోండి. క్యాలిబ్రేషన్ ఎక్కడ చేయిస్తారో, నీరు కారితే ఎన్నాళ్ల వారంటీ ఇస్తారో కోట్‌లో రాసివ్వమని అడగండి. పాత అద్దం కింది మూలలో ఉన్న తయారీదారు ముద్రను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుని, కొత్త అద్దం బిగించక ముందే దాని మీది ముద్రతో పోల్చుకోండి. క్యాలిబ్రేషన్‌తో కలిపి సర్వీస్ సెంటర్ ధరకన్నా నాలుగైదు వేలు తగ్గితే అక్కడ చేయించుకోండి. తేడా వెయ్యి, రెండు వేలే అయితే సర్వీస్ సెంటర్‌లోనే చేయించండి, రేపు అడాస్ హెచ్చరిక దీపం వెలిగితే జవాబు చెప్పేవారు ఒకరే ఉంటారు.

డబ్బు ఎక్కడి నుంచి తీయాలన్నది సులువే. సేవింగ్స్ ఖాతాలోని ₹70,000 నుంచి తీయండి. క్రెడిట్ కార్డు మీద వేసి బకాయి మోయకండి, నెలకు 3 శాతం పైబడిన వడ్డీ ఇప్పటిదాకా చేసిన లెక్కను అంతా మింగేస్తుంది. ఖాతాలో మిగిలే ₹42,000ను నెలకు ₹3,500 చొప్పున ఎనిమిది నెలల్లో మళ్లీ పాత మొత్తానికి తీసుకురండి, ఆ ఎనిమిది నెలలూ కారు లోన్ ముందస్తు చెల్లింపుల జోలికి వెళ్లకండి.

రెన్యువల్ నాటికి రెండు పనులు చేయండి. నో క్లెయిమ్ బోనస్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్‌కు ఎంత అడుగుతున్నారో చూడండి. మీ బోనస్ విలువ ఈ ఏడాదికే జీఎస్టీతో కలిపి ₹14,160 కాబట్టి రెండు వేల లోపు ఉంటే తీసుకోవడం సమంజసం, వచ్చే రెండేళ్లలో మరో దెబ్బ తగిలితే ఏమిటన్న పైన చెప్పిన భయానికి అదే మందు. అది ఎన్ని క్లెయిముల వరకు పనిచేస్తుందో, కంపెనీ మారితే రక్షణ వెంట వస్తుందో రాదో పాలసీ పత్రంలో చదివి సంతకం చేయండి. కన్స్యూమబుల్స్ కవర్ కూడా అడగండి, అది ఖరీదైతే వదిలేయండి. గడువు మాత్రం దాటనివ్వకండి, పాలసీ ముగిసి 90 రోజులు దాటితే ఇంత లెక్క వేసి కాపాడుకున్న బోనస్ మొత్తం రద్దవుతుంది.

చివరగా ఫాస్టాగ్. అది పాత అద్దానికి అతికించి ఉంటుంది, ఒలిస్తే చిరిగి పనికిరాకుండా పోతుంది. అద్దం మార్చే తేదీ ఖాయం కాగానే ట్యాగ్ ఇచ్చిన బ్యాంకును అడిగి అదే ఖాతా మీద మార్పు ట్యాగ్ తెప్పించుకోండి, పాత నిల్వ అలాగే ఉంటుంది. చెల్లే ట్యాగ్ లేకుండా టోల్‌ప్లాజాకు వెళితే మామూలు టోల్ కన్నా ఎక్కువ కట్టాల్సి వస్తుంది. కొత్త అద్దం పెట్టాక సర్వీస్ సెంటర్ వారు చెప్పినన్ని గంటలు కారు కదపకండి, ఒక రోజు పాటు తలుపులు గట్టిగా వేయకండి, వాటర్ వాష్ చేయించకండి. క్యాలిబ్రేషన్ రిపోర్టు ప్రింటు తీసుకుని బిల్లుతో పాటు భద్రపరచండి.