ఏ టీం అని అడిగితే ముందు మీ ఊరి టీం చూడండి

మాంచెస్టర్ చుట్టుపక్కలకి ఉద్యోగాలకో చదువులకో వచ్చిన మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, సోమవారం ఆఫీసుకి వెళ్తే చాలు, అందరూ ఫుట్‌బాల్ గురించే మాట్లాడుకుంటారు. నువ్వు ఏ టీం అని అడుగుతారు. నాకు క్రికెట్ తప్ప ఏమీ తెలియదు, యునైటెడ్ అని చెప్పేయనా, సిటీ అని చెప్పేయనా?" రెండూ వద్దు తమ్ముడూ. నువ్వు అద్దెకి దిగిన ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఒక చిన్న క్లబ్ ఉంటుంది, ముందు దాని పేరు కనుక్కో, ఒక శనివారం వెళ్లి చూడు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో అర్థం కావాలంటే మా పక్కనే ఉన్న బెరీ ఊరి కథ తెలియాలి.

బెరీ మాంచెస్టర్‌కి ఉత్తరాన ఉంటుంది, విక్టోరియా స్టేషన్‌లో ట్రామ్ ఎక్కితే ఆఖరి స్టాప్. ఒకప్పుడు నూలు మిల్లుల ఊరు. అక్కడ 1885లో పెట్టిన క్లబ్ ఆ ఏడాది నుంచే గిగ్ లేన్ అనే మైదానంలో ఆడుతూ వచ్చింది. 1900లో సౌతాంప్టన్‌ని 4-0తో ఓడించి ఎఫ్‌ఏ కప్ (పెద్దా చిన్నా క్లబ్బులు కలిసి ఆడే నాకౌట్ పోటీ) గెలిచారు. 1903లో మళ్లీ గెలిచారు, ఈసారి ఫైనల్లో డెర్బీ కౌంటీ మీద 6-0, పైగా ఆ ఏడాది కప్ మొత్తంలో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఫైనల్లో అంత తేడాతో గెలుపు తర్వాత 116 ఏళ్ల పాటు ఎవరికీ సాధ్యం కాలేదు, 2019 మే నెలలో మాంచెస్టర్ సిటీ వాట్‌ఫర్డ్‌ని 6-0తో కొట్టి దాన్ని సమం చేసింది. 1926లో బెరీ దేశం మొత్తంలో నాలుగో స్థానంలో నిలిచింది. 1929లో మొదటి డివిజన్ నుంచి దిగిపోయాక మళ్లీ అంత ఎత్తుకి ఎక్కలేదు కానీ, కింది డివిజన్లలో ఎక్కుతూ దిగుతూ దేశస్థాయి లీగ్‌లో మాత్రం 2019 దాకా నిలబడుతూ వచ్చింది.

ఈ ఎక్కడం దిగడం మనవాళ్లకి కొత్త. ఐపీఎల్‌లో అట్టడుగున ఉన్న టీం కూడా వచ్చే ఏడాది అదే ఐపీఎల్ ఆడుతుంది. ఇక్కడ ఆఖరున ఉంటే కింది డివిజన్‌కి పోతారు, పోతే టీవీ డబ్బు, టికెట్ల డబ్బు, స్పాన్సర్లు అన్నీ తగ్గిపోతాయి. అందుకే చిన్న క్లబ్ ఓనర్లు పైకి ఎక్కాలని ఆదాయానికి మించి ఆటగాళ్లకి జీతాలు ఇస్తారు, తేడాని సొంత జేబులోంచో అప్పు తెచ్చో పూడుస్తారు. ఓనర్ జేబు ఖాళీ అయిన రోజు క్లబ్ ఖాళీ.

బెరీలో జరిగింది అదే. ఒక రియల్ ఎస్టేట్ వ్యాపారి 2013లో క్లబ్ తీసుకుని జీతాలు పెంచుకుంటూ పోయాడు, మైదానం తాకట్టులోకి వెళ్లింది, చివరికి మైదానం దగ్గర కారు పార్కింగ్ స్థలాల్ని కూడా ఇన్వెస్టర్లకి విడివిడిగా అమ్మారు. ఆయన వ్యాపారం కుప్పకూలాక 2018 డిసెంబరులో స్టీవ్ డేల్ అనే ఇంకొకాయన కేవలం ఒక్క పౌండుకి క్లబ్‌ని కొన్నాడు. బెరీకి ఫుట్‌బాల్ టీం ఉందనే సంగతే తనకి ముందు తెలియదని తర్వాత ఆయనే ఇంటర్వ్యూలో చెప్పాడు. ఆ సీజన్‌లో ఆటగాళ్లకి, సిబ్బందికి వారాల తరబడి జీతాలు అందలేదు, అయినా ఆ ఆటగాళ్లే డివిజన్‌లో రెండో స్థానంలో నిలిచి టీంని పై మెట్టు ఎక్కించారు. నాకు ఆ కథలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే, ఆటలో గెలిచి లెక్కల్లో పోయారు.

2019 ఆగస్టులో కొత్త సీజన్ మొదలైంది కానీ డబ్బు ఎక్కడిదో చూపించమని లీగ్ అడిగిన రుజువులు రాలేదు, మ్యాచ్‌లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. గడువు ముగిసే ఆ మంగళవారం, ఎవరో కొనబోతున్నారు, శనివారం మ్యాచ్ ఉంటుందన్న ఆశతో ఊళ్లోవాళ్లు వందల మంది చీపుళ్లు, గుడ్డలు పట్టుకుని వచ్చి స్టేడియం కడిగారు, కుర్చీలు తుడిచారు. కొనడానికి వచ్చినవాళ్లు వెనక్కి తగ్గారు. ఆగస్టు 27 రాత్రి లీగ్ బెరీని బహిష్కరించింది, 125 ఏళ్ల సభ్యత్వం ఆ రాత్రితో పోయింది.

బెరీలో మీ పక్కింటి ముసలాయనకి అది ఆట వార్త కాదు. తాత చెయ్యి పట్టుకుని వెళ్లిన చోటు అది, తమవాళ్ల అస్థికలు ఆ మైదానంలోనే కలిపిన కుటుంబాలు కూడా ఉన్నాయి. అలాంటి మనిషితో "పోనీలెండి, పక్కనే యునైటెడ్ ఉందిగా" అని మాత్రం అనకండి. ఇక్కడ చాలామందికి అది ఓదార్పు కాదు, అవమానం.

తర్వాత సంగతి కూడా చెప్పాలి. కొందరు అభిమానులు తామే ఓనర్లుగా బెరీ ఏఎఫ్‌సీ అనే కొత్త క్లబ్ పెట్టి పక్క ఊరు రాడ్‌క్లిఫ్ మైదానంలో, చాలా కింది స్థాయి నుంచి ఆట మొదలుపెట్టారు. ఇంకొందరు పాత పేరునీ గిగ్ లేన్‌నీ వదిలేది లేదన్నారు, 2022లో ప్రభుత్వం ఇచ్చిన 10 లక్షల పౌండ్ల సాయంతో మైదానాన్ని తిరిగి కొనుక్కున్నారు. రెండు వర్గాలూ కలవడానికి మొదటి ఓటింగ్‌లో సరిపడా మద్దతు రాలేదు, 2023లో వచ్చింది. ఆ ఏడాదే బెరీ ఎఫ్‌సీ పేరుతో గిగ్ లేన్‌లో మళ్లీ ఆట మొదలైంది, 2025లో తమ స్థాయి లీగ్ గెలిచి ఒక మెట్టు ఎక్కారు. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అన్న వాదన ఇప్పటికీ ఉంది, కొత్తగా వెళ్లిన మనం అందులో తల దూర్చకపోవడం మంచిది. క్లబ్బుల్ని ఇలా ముంచే ఓనర్లని ముందే ఆపాలని 2025లో పార్లమెంటు చట్టం చేసి ఫుట్‌బాల్‌కి ప్రత్యేక రెగ్యులేటర్‌ని పెట్టింది, ఆ చర్చలో బెరీ పేరు చాలాసార్లు వచ్చింది.

అటుపక్క బ్లాక్‌బర్న్‌లో ఉండేవాళ్లకి ఇంకో మాట. అక్కడి బ్లాక్‌బర్న్ రోవర్స్ 1995లో ప్రీమియర్ లీగ్ (అన్నిటికన్నా పై డివిజన్) గెలిచిన టీం. 2010లో దాన్ని కొన్న వెంకీస్, హైదరాబాద్ మూలాలున్న బండా వాసుదేవరావు స్థాపించిన కోళ్ల కంపెనీయే. 2012లో టీం ప్రీమియర్ లీగ్ నుంచి దిగిపోయింది, 2017లో ఇంకో మెట్టు దిగి మరుసటి ఏడాది తిరిగి ఎక్కింది. మీ పేరు వినగానే ఎవరైనా అభిమాని ఓనర్ల మీద కోపంతో ఆ విషయం ఎత్తితే ఓనర్ల తరఫున వకాల్తా పుచ్చుకోకండి, ఆ అభిమాని గోడు వినండి, చాలు.

ఇక వెళ్లే పద్ధతి. చిన్న లీగుల్లో టికెట్ కోసం టెన్షన్ పడక్కర్లేదు, చాలాచోట్ల గేటు దగ్గరే దొరుకుతుంది, పిల్లలకి చాలా తక్కువ. శనివారం మధ్యాహ్నం 3 గంటల మ్యాచ్‌లని ఈ దేశంలో టీవీలో లైవ్ చూపించరు, జనం చిన్న మైదానాలకి వెళ్లాలనే ఆ నియమం పెట్టారు. పెద్ద క్లబ్బుల టికెట్లు వాట్సాప్ గ్రూపుల్లో అమ్ముతుంటారు, కొనకండి, అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్ తిరిగి అమ్మడం ఇక్కడ నేరం, గేటు దగ్గర ఆపేస్తే డబ్బు పోయినట్టే. పై 5 డివిజన్లలో మైదానం కనబడే చోట మద్యం తాగకూడదు, కింది స్థాయిలో క్లబ్ ఒప్పుకుంటే గ్లాసు పట్టుకుని నిలబడి చూస్తారు, అది చూసి కంగారు పడకండి. చలికి గ్లవ్స్, మందపాటి సాక్సు తప్పనిసరి. శాకాహారులు చీజ్-ఆనియన్ 'పై' (లోపల చీజ్, ఉల్లిపాయ పెట్టి కాల్చిన పిండివంట) తినొచ్చు, చిప్స్ మీద పోసే గ్రేవీ గురించి మాత్రం అడిగి వేయించుకోండి, అందులో బీఫ్ ఉండొచ్చు. బెరీ మార్కెట్‌లో బాగా పేరున్న బ్లాక్ పుడ్డింగ్ స్వీట్ కాదు, పంది రక్తంతో చేస్తారు.

రెండు మూడుసార్లు వెళ్లాక మొహాలు గుర్తుపడతారు. అప్పుడు క్లబ్ సభ్యత్వం గురించి అడగండి, అభిమానులే ఓనర్లుగా ఉన్నచోట అది ఓటుతో వస్తుంది. గేటు దగ్గరో క్యాంటీన్‌లోనో చెయ్యి సాయం ఎప్పుడూ కావాలి. స్టూడెంట్ వీసా మీదున్నవాళ్లు మాత్రం డబ్బు తీసుకుని ఆడటానికి, కోచింగ్ ఇవ్వడానికి ఒప్పుకోకండి, వీసాకే ముప్పు. ఊరికే సాయం చేసే పని అయినా ముందు కాలేజీ వీసా విభాగంలో ఒక మాట అడిగి వెళ్లండి.