తప్పు పంజరపు పక్షులదా, వేయించని టీకాదా?

ప్రశ్న: పెరట్లో 40 నాటుకోళ్లను పెంచుతున్నాను. టీకాలు వేయించలేదు. రెండు నెలలుగా పచ్చ, నీలం లవ్ బర్డ్స్ గుంపు దాణా తొట్టిపై వాలుతోంది. నాలుగు రోజుల్లో ఆరు కోళ్లు ఆకుపచ్చగా పారుతూ, మెడ మెలితిరిగి చనిపోయాయి. ఆ పక్షులే తెగులు తెచ్చాయనుకుంటున్నాను. మందుల దుకాణంలో నీళ్లలో కలపమని యాంటీబయాటిక్ ఇచ్చి, పక్షులకు విషపు గింజలు చల్లమన్నారు. ఏం చేయాలి?

జవాబు: లక్షణాలను బట్టి ఇది వైరస్ వల్ల వచ్చే కొక్కెర తెగులని నా బలమైన అనుమానం. అయితే బర్డ్ ఫ్లూలోనూ కోళ్లు ఇలాగే హఠాత్తుగా చనిపోతాయి కనుక, ఈరోజే పశువైద్యునికి తెలియజేసి పరీక్ష చేయించండి. ఫలితం వచ్చేవరకు ఒక్క కోడినీ అమ్మవద్దు, కోయవద్దు.

మీరు లవ్ బర్డ్స్ అంటున్నవి, మెడ మీద, రెక్కల మీద సన్నని నల్ల గీతలుంటే, బడ్జెరిగార్లు అనే చిన్న చిలుకలు. వాటి సొంత నేల ఆస్ట్రేలియా. అక్కడి అడవి గుంపులు ఆకుపచ్చగా ఉంటాయి. నీలం అనేది పంజరాల్లో పెంచి తెచ్చిన రంగు కాబట్టి, ఇవి ఎవరి పంజరం నుంచో తప్పించుకున్నవే. పంజరపు పక్షులు ఈ తెగులును మోయగలవు: 1971లో కాలిఫోర్నియాలో దిగుమతి చేసుకున్న పెంపుడు పక్షుల ద్వారా ప్రవేశించిన ఈ తెగులును అదుపు చేయడానికి దాదాపు 1.2 కోట్ల పక్షులను చంపవలసి వచ్చింది. అయినా రెండు నెలలుగా వస్తున్న గుంపు కంటే, ఈ రెండు వారాల్లో మందలో కలిపిన కొత్త కోడి, బయట తిరిగొచ్చిన చెప్పులు, పాత దాణా సంచులపైనే నా అనుమానం ఎక్కువ. వైరస్ ఏ దారిన వచ్చినా, టీకా లేని మందలో దాన్ని ఆపేదేమీ లేదు.

వైరస్‌కు యాంటీబయాటిక్ పనిచేయదు. ఆ మాట తెలియని దుకాణదారు సలహాతో నాలుగు రోజులు పోగొట్టుకున్నారు. విషపు గింజలను ముందుగా తినేది మీ కోళ్లే.

తెగులు సోకిన మందకు సొంతంగా టీకా వేయకండి. మిగిలినవాటి సంగతి వైద్యుడు నిర్ణయిస్తారు. కొత్త పిల్లలకు మాత్రం 5–7 రోజుల వయసులో ఈ తెగులుకే ఇచ్చే లసోటా టీకా ఒక చుక్క కంటిలో వేయించి, 28వ రోజున మళ్లీ వేయించండి. 8 వారాలకు ఆర్‌2బి టీకా 0.5 మి.లీ. రెక్క దగ్గర చర్మం కిందకు ఇప్పించండి. 200 మోతాదుల సీసాను 100 మి.లీ. చల్లని సెలైన్‌లో కలిపి, ఐసు మీద ఉంచి, 2 గంటల్లో వాడేయాలి.

దాణాను అర అంగుళం కన్నుల జాలీ లోపల, ఉదయం, సాయంత్రం అరగంట మాత్రమే పెట్టి, తొట్టి తీసేయండి. ఆ పక్షుల ఎండిన రెట్టను పొడిగా ఊడవకండి. నీటితో తడిపి, ముక్కుకు మాస్కు కట్టుకుని ఎత్తండి. చిలుక జాతి పక్షుల రెట్ట దుమ్ము నుంచి మనుషులకు సిట్టకోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు సోకవచ్చు కనుక, రెండు వారాల్లోగా జ్వరం, తలనొప్పి, పొడిదగ్గు వస్తే ఈ పక్షుల సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.