మైకు చూస్తే నోరు పెగలని పిల్లలు

ప్రశ్న: జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచర్‌ని. గ్రీకులు, రోమన్లు బడిలో నేర్పిన వక్తృత్వ విద్య గురించి ఈమధ్యే చదివాను. ఫీజులు కట్టగలిగే బళ్లకు సరే, ఆగస్టు 15న మైకు ముందు వణికిపోయే మా పిల్లలకు ఇది కుదిరే పనేనా?

జవాబు: ఎందుకు కుదరదండీ! ఈ విద్యకు సర్కారు జీతం కొత్తేమీ కాదు. మొదటి శతాబ్దంలోనే రోము చక్రవర్తి వెస్పాసియన్ వక్తృత్వ గురువులకు ఖజానా నుంచి ఏడాదికి లక్ష సెస్టెర్సులు (అప్పటి రోమన్ నాణేలు) ఇప్పించాడు, అది అందుకున్న క్వింటిలియన్ పిల్లాడికి ఇంట్లో ట్యూషన్ కన్నా నలుగురితో బడే మేలన్నాడు. (ఆ బడికి వెళ్లింది డబ్బున్న ఇళ్ల మగపిల్లలే లెండి.)

మైకుతో మాత్రం మొదలుపెట్టకండి, వాళ్లూ పెట్టలేదు. నాలుగో శతాబ్దపు గ్రీకు వక్తృత్వ గురువు ఆఫ్తోనియస్ పుస్తకంలో 14 అభ్యాసాలుంటాయి, మొదటిది నీతికథ. కుండలో గులకరాళ్లు వేసిన కాకి కథ తీసుకోండి. ఇవాళ నాలుగు వాక్యాల్లో చెప్పమనండి, రేపు అదే కథని ఎండ, దాహం, కాకి మనసులో మాట అన్నీ కలిపి సాగదీయమనండి. తర్వాత ఖండన, సమర్థన: సగం క్లాసు ఇది జరిగే పని కాదనాలి, మిగతా సగం జరుగుతుందనాలి. "నీళ్లు మరీ అడుగున ఉంటే ఎన్ని రాళ్లేసినా పైకి రావు టీచర్" అని వెనక బెంచీ పిల్ల అందంటే మీ పని సగం అయిపోయినట్టే.

అలంకారాలు మీ పాఠాల్లో ఎలాగూ ఉన్నాయి, కానీ మనం 'అలంకారం పేరు రాయండి' దగ్గరే ఆగిపోతాం, మార్కు పడగానే పుస్తకం మూసేస్తాం. 1512లో డచ్ పండితుడు ఎరాస్మస్ 'మీ ఉత్తరం నాకెంతో సంతోషం కలిగించింది' అన్న ఒక్క వాక్యాన్నే నూటికి పైగా రకాలుగా తిప్పి రాసి చూపించాడు. మీరు 'వానొచ్చింది' ఇచ్చి బెంచీకి పది రకాలు అడగండి, ఉపమ ఏదో రూపకం ఏదో వాళ్లకే తెలుస్తుంది.

ఇంకొకటి, కోపం తెచ్చుకోకండి. గొంతున్న ఇద్దర్ని ఏరి, ప్రసంగం మనమే రాసిచ్చి బట్టీ పట్టించే అలవాటు మానేయాలి, ఎందుకంటే అప్పుడు మిగతా క్లాసంతా చప్పట్లకే మిగులుతుంది. వారానికో పీరియడ్ చాలు, ప్రతి ఒక్కరూ కూర్చున్నచోటే పక్క బెంచీకి చెప్పాలి. మైకు సంగతి జనవరి 26కి చూసుకోవచ్చు.