త్రీ నాట్ త్రీకి లైసెన్సు రాదు, 315కు వస్తుంది: తేడా ఎక్కడ?

ప్రశ్న: మా ఇంట్లో 315 బోరు రైఫిల్ ఉంది. నాన్నగారి తర్వాత లైసెన్సు నా పేరున మారింది. చూడ్డానికి ఒకప్పటి పోలీసుల త్రీ నాట్ త్రీ లాగే ఉంటుంది, బోల్ట్ తిప్పి లాగడమూ అంతే. మరి ఆ రైఫిల్ మామూలు మనిషికి ఎందుకివ్వరు?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: మీరు చూసిన పోలిక నిజమే. మీది పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైనదైతే, అది త్రీ నాట్ త్రీకి తమ్ముడి వరస. మనం త్రీ నాట్ త్రీ (303) అని పిలిచే లీ-ఎన్‌ఫీల్డ్ సైనిక రైఫిళ్లు ఏళ్ల తరబడి అక్కడే తయారయ్యాయి. సైనిక రైఫిల్‌కు గొట్టం మూతి దాకా చెక్క ఉంటుంది, బాయినెట్ తగిలించే ఏర్పాటు ఉంటుంది, మ్యాగజైన్‌లో 10 తూటాలు పడతాయి, గురి చూసే వెనక సైట్ మీద 2,000 గజాల వరకు అంకెలుంటాయి. స్పోర్టింగ్ రైఫిల్‌కు చెక్క సగం దాకే, బాయినెట్ లేదు, మ్యాగజైన్‌లో 5 తూటాలు.

అయితే లైసెన్సు వీటిని బట్టి రాదు. తూటాను బట్టి వస్తుంది. 303 తూటా ఇత్తడి కేసు పొడవు 56 మిల్లీమీటర్లు, అందులోని బుల్లెట్ వ్యాసం సుమారు 7.92 మిల్లీమీటర్లు. 315 కేసు 50 మిల్లీమీటర్లే, కానీ అడుగున లావు ఎక్కువ, బుల్లెట్ వ్యాసం సుమారు 8.2. ఒకదాని తూటా ఇంకొకదానిలో పనికిరాదు. అలా పనికిరాకూడదనే ఈ ఏర్పాటంతా. ఆయుధాల నిబంధనలు, 2016లోని మొదటి షెడ్యూలు ‘303 లేదా 7.62 సర్వీసు తూటా పట్టి పేలగల’ (అంటే సైన్యం, పోలీసులు వాడే తూటా పట్టే) రైఫిళ్లను, చేత్తో బోల్ట్ లాగే బోల్ట్ యాక్షన్ అయినా సరే, పౌరులకు మామూలుగా ఇవ్వని మొదటి వర్గంలో పెట్టింది. పిస్టళ్లలో 9 ఎంఎం సర్వీసు తూటా పేల్చేవీ అందులోనే ఉన్నాయి. 32 బోరు పిస్టల్‌కు ఇక్కడ అంత గిరాకీ ఉండటానికి ఇదో కారణం. సైన్యం, పోలీసుల స్టోర్ల నుంచి తూటా బయటికి పొక్కినా, దాన్ని పేల్చే తుపాకీ పౌరుడి ఇంట్లో ఉండకూడదన్నది లెక్క. ఈ ఆలోచన ఆంగ్లేయుల కాలం నాటిది.

తమాషా ఏమిటంటే, 315 తూటా కూడా పుట్టుకతో సైనికుడే. పాత ఆస్ట్రియా-హంగరీ సైన్యం వాడిన 8 ఎంఎం మాన్‌లికర్ కేసు అది. ఇషాపూర్‌లోనే తయారయ్యే 30-06 స్పోర్టింగ్ రైఫిల్ తూటా అమెరికా సైన్యం 1906లో తీసుకున్నది. మన సైన్యం సర్వీసు తూటాలు ఇవి కావు గనక, మన దగ్గర ఇవి పౌరుల తూటాలయ్యాయి. తూటాలు కొనేటప్పుడు అడుగున ఉన్న ముద్ర చూసుకోండి. పుణె దగ్గరి కిర్కీ ఫ్యాక్టరీ 315 తూటా మీద ‘కెఎఫ్’, ‘8 ఎంఎం’ అని ఉంటుంది.

ప్రశ్న: సైన్యం రైఫిల్ అంటే ఆటోమేటిక్, పౌరులది ఒక్కొక్క గుండు పేల్చేది అని విన్నాను. ఇది సరైన నిర్వచనమేనా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: కాదు. మన సైన్యం దశాబ్దాల పాటు మోసిన 7.62 ఎస్‌ఎల్‌ఆర్ ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక్క గుండే పేల్చేది. అది సెమీ ఆటోమేటిక్. దాని తర్వాత వచ్చిన 5.56 ఇన్సాస్‌లో ఒక్క నొక్కుకు మూడు గుళ్లు పేలే బరస్ట్ పెట్టారు. త్రీ నాట్ త్రీలో అదీ ఇదీ లేదు, ప్రతి గుండుకూ చేత్తో బోల్ట్ లాగాల్సిందే. మూడూ సైనిక రైఫిళ్లే.

ట్రిగ్గర్ నొక్కి పట్టినంతసేపు పేలేదాన్ని ఆయుధాల చట్టం, 1959 నేరుగా ‘నిషిద్ధ ఆయుధం’ అంది. సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌ది దాని పక్క మెట్టు, 2016 నిబంధనల్లో అదీ మొదటి వర్గంలోనే ఉంది. అందుకే ఇక్కడ పౌరుల రైఫిల్ అంటే దాదాపుగా బోల్ట్ యాక్షన్ అనే అర్థం.

ప్రశ్న: 315లో మూడో తూటాకో నాలుగో తూటాకో బోల్ట్ ముందుకు పోక బిగుసుకుంటోంది. మ్యాగజైన్ స్ప్రింగ్ మార్చాలా?
– ఒక పాఠకుడు, ఆదిలాబాద్

జవాబు: స్ప్రింగ్ జోలికి పోయే ముందు తూటాలు ఎలా పేరుస్తున్నారో చూడండి. 303, 315 రెండూ అంచున్న తూటాలు. అంటే అడుగున కేసు కన్నా వెడల్పైన చుట్టు ఉంటుంది. పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనక పడితే, బోల్ట్ తోసినప్పుడు రెండూ కొక్కెంలా పట్టుకుంటాయి. ప్రతి పై తూటా అంచు కిందిదాని అంచుకు ముందుండేలా, ఒక్కొక్కటి పెట్టి వేలితో వెనక్కి సర్ది నింపండి. సగం జామ్‌లు ఇక్కడే పోతాయి. అప్పటికీ ఆగకపోతే మ్యాగజైన్ మూతి రేకు వంగిందేమో తుపాకులు బాగుచేసే లైసెన్సున్న ఆర్మరర్‌కు చూపించండి.

ఇంకో మాట. ఈ తరహా రైఫిల్‌లో బోల్ట్‌ను బిగించి పట్టే లగ్‌లు (పొడుచుకొచ్చిన లోహపు ముక్కలు) వెనక ఉంటాయి, పేలినప్పుడు లోహం కొద్దిగా సాగుతుంది. బోల్ట్‌కూ బ్యారెల్‌కూ మధ్య ఖాళీ ఎక్కువైతే కేసు సాగి, అడుగుకు కాస్త పైన మెరిసే గీత ఒకటి చుట్టూరా పడుతుంది. ఖాళీ కేసుల్ని వెలుగులో తిప్పి చూస్తే తెలుస్తుంది. ఆ గీత కనబడితే రైఫిల్ వాడకం ఆపేయండి. తర్వాతి తూటాకు కేసు అక్కడే తెగి, వేడి గ్యాసు మీ ముఖం వైపు రావచ్చు. ఇద్దరు బంధువుల 315లు శుభ్రం చేసి బోల్ట్‌లు తారుమారు చేసుకున్నా ఇదే జరగవచ్చు. బోల్ట్ మీది నంబరు రైఫిల్ నంబరుతో కలవాలి.

ప్రశ్న: గొట్టం కొంచెం కోయిస్తే మోయడం సులువని ఒకాయన సలహా ఇచ్చారు.
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఆయన మాట వినకండి. అనుమతి లేకుండా గొట్టం కోయడం ఆయుధాల చట్టం 6వ సెక్షన్ కింద నేరం. 2019 సవరణ తర్వాత కనీస శిక్ష 7 ఏళ్లు. మీకు లైసెన్సు ఉండటం దీనికి అడ్డు రాదు.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటున్న మా అబ్బాయి ఏఆర్-15 కొంటానంటున్నాడు. అది అమెరికా సైన్యం ఎం16 కాదా? అంత సులువుగా ఎలా అమ్ముతారు?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: డిజైన్ ఒక్కటే అమ్మా, తుపాకీ వేరు. ఆర్మలైట్ సంస్థ నుంచి హక్కులు 1959లో కోల్ట్‌కు వెళ్లాయి. సైన్యానికి ఎం16, దుకాణాలకు సెమీ ఆటోమేటిక్ ఏఆర్-15 తయారయ్యాయి. ఏఆర్ అంటే అసాల్ట్ రైఫిల్ కాదు, ఆర్మలైట్ పేరే. సైనిక రకంలో ఆటోమేటిక్ లేదా బరస్ట్ మీట ఉంటుంది, పౌర రకంలో సేఫ్, సెమీ మాత్రమే. ఎం16కు పొట్టి రకమైన సైన్యం ఎం4 గొట్టం 14.5 అంగుళాలు. మామూలుగా అమ్మే పౌర రైఫిల్‌కు 16 అంగుళాలకు తగ్గకూడదు. కొత్త మెషీన్‌గన్‌లు పౌరుల పేర నమోదు కావడం అక్కడ 1986 మే 19తో ఆగిపోయింది.

అబ్బాయికి చెప్పాల్సిన సాంకేతిక విషయం ఒకటుంది. బ్యారెల్ మీద ‘223 రెమింగ్టన్’ అని ఉందా, ‘5.56 నాటో’ అని ఉందా చూడమనండి. రెండు తూటాల కేసులు బయటికి ఒకేలా ఉంటాయి. కానీ 5.56 ఛాంబర్‌లో (తూటా కూర్చునే చోట) బుల్లెట్ గొట్టం లోపలి గాడులను తాకే ముందు ఖాళీ కాస్త ఎక్కువ. 223 ఛాంబర్‌లో 5.56 తూటా పెడితే పీడనం పెరగొచ్చు. తూటా అడుగున మంట పుట్టించే ప్రైమర్ చదునైపోవడం, ఊడి ట్రిగ్గర్ భాగాల్లో పడి జామ్ కావడం, కేసు ఛాంబర్‌లో ఇరుక్కోవడం దాని గుర్తులు. 5.56 ఛాంబర్‌లో 223కు ఆ చిక్కు లేదు.

వీటన్నిటి కన్నా ముందు అబ్బాయి వీసా ఏమిటో అడగండి. ఎఫ్-1, హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసాల వాళ్లు తుపాకీ గాని, తూటా గాని దగ్గర పెట్టుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. టెక్సస్‌లో రాష్ట్ర చట్టం సడలింపుగా ఉంటుందని స్నేహితులు ఎవరైనా చెప్పినా, ఆ మాట ఫెడరల్ చట్టం ముందు చెల్లదు. గ్రీన్ కార్డు ఉంటే సంగతి వేరు.