కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్న యువతకు తక్కువ ఖర్చులో ఎలాంటి కారు మంచిది?

మొదటి కారు కొనేవారు అమ్మకం ధర ఒక్కటే చూస్తే సరిపోదు. బీమా, ఇంధనం, సర్వీసింగ్, టైర్లు అన్నీ కలిపి ఏడాదికి ఎంతవుతుందో ముందే లెక్క వేసుకోవాలి. చాలా దేశాల్లో అనుభవం లేని యువ డ్రైవర్లకు బీమా ప్రీమియం ఎక్కువగా ఉంటుంది కనుక, బేరం ఖాయం చేసుకోకముందే ఆ మొత్తం కనుక్కోవడం మేలు.

చిన్న ఇంజిను ఉండి, విడిభాగాలు సులభంగా దొరికే, నాలుగైదేళ్లు వాడిన హ్యాచ్‌బ్యాక్ చాలామందికి సరిపోతుంది. గీతలు పడినా (పడక మానవు) అంతగా బాధ అనిపించదు. అయితే గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, ఎయిర్‌బ్యాగులతో పాటు, కారు జారుతున్నప్పుడు అవసరమైన చక్రానికి విడిగా బ్రేకు వేసి అదుపులోకి తెచ్చే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ కూడా లేకపోతే, ఆ కారు ఎంత చౌకగా వచ్చినా వదులుకోవాలన్నదే నా అభిప్రాయం.

చూడటానికి వెళ్లినప్పుడు ఇంజిను చల్లగా ఉండగానే స్టార్ట్ చేయించాలి. పొగ నీలంగా వస్తే ఇంజిన్ ఆయిల్ కాలిపోతోందని అనుమానించాలి. టైరు పక్కభాగంలో తయారీ తేదీని తెలిపే నాలుగంకెలు ఉంటాయి: 2319 అంటే 2019లో 23వ వారం. ట్రెడ్ (రోడ్డును తాకే గాడుల భాగం) బాగానే కనిపించినా, టైర్లు బాగా పాతబడి ఉంటే వాటి ఖర్చును బేరంలో తగ్గించమని అడగవచ్చు. సర్వీసు రికార్డులు చూపలేకపోతే, మీటరులోని కిలోమీటర్ల అంకెను నమ్మకుండా మీకు తెలిసిన మెకానిక్ చేత పరీక్ష చేయించండి.