ముంగిసకు నాగుపాము విషం ఎందుకు ఎక్కదు?

ప్రశ్న: నరాల నుంచి వచ్చే సంకేతాన్ని కండరాల్లో అందుకునే ప్రోటీన్ వెన్నెముక గల జంతువులన్నిటిలోనూ దాదాపు ఒకే రూపంలో ఉంటుందని చదివాను. అలాంటప్పుడు నాగుపాము విషం మనిషిని చంపి ముంగిసను ఎలా వదులుతుంది? కాటు పడ్డాక అది ఏదో వేరు తింటుందని పెద్దలు చెప్పే మాట నిజమేనా?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: వేరు కథకు ఆధారం లేదు. ముంగిసకు ఆ రక్షణ పుట్టుకతోనే, దాని కండరాల్లోనే ఉంది.

నరం కొసన విడుదలయ్యే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం కండరం పొర మీది గ్రాహకానికి, అంటే మీరు చదివిన ఆ ప్రోటీన్‌కు, అంటుకుంటేనే కండరం ముడుచుకుంటుంది. ఆ గ్రాహకం ఐదు ఉపభాగాల కూర్పు. వాటిలో ఆల్ఫా అనేవి రెండు. నాగుపాము విషంలో ఉండే ఆల్ఫా న్యూరోటాక్సిన్లు, అంటే మూడు వేళ్లు చాచిన ఆకారంలో ఉండే చిన్న ప్రోటీన్లు, అసిటైల్‌కోలిన్ అంటుకోవలసిన చోటునే ఆక్రమిస్తాయి. అప్పుడు సంకేతం అందక ముందు కనురెప్పలు వాలతాయి, చివరకు శ్వాసకండరాలు ఆగిపోతాయి.

ముంగిస గ్రాహకానికీ ఇదే నిర్మాణం ఉంది. అయితే ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు 1992లో చూపినట్టు, ఆల్ఫా ఉపభాగంలో విషం అంటుకునే చోట కొన్ని అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్ గొలుసులోని పూసల్లాంటివి, మారాయి. వాటిలో ముఖ్యమైనది 187వ స్థానంలో ఉన్న ఆస్పరజిన్. దానికి చక్కెర అణువుల గొలుసు ఒకటి అతుక్కుని ఉంటుంది. చిన్నదైన అసిటైల్‌కోలిన్ ఆ గొలుసును దాటి లోపలికి పోగలదు గాని, దానికంటే ఎన్నో రెట్లు పెద్దదైన విషప్రోటీన్‌కు అక్కడ చోటు చాలదు. ఈజిప్టు నాగుపాము తన విషానికి తాను లొంగకపోవడానికీ ఇలాంటి గొలుసే కారణం, కాకపోతే అది 189వ స్థానంలో ఉంటుంది. పాములను కూడా తినే హనీ బ్యాడ్జర్ అనే మాంసాహార జంతువులో చక్కెర లేదు. అక్కడ ధనావేశం గల ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం ఉండి, ధనావేశం గల విషాన్ని వికర్షిస్తుంది. పెద్దగా సంబంధం లేని మూడు జీవులు ఒకే చోటును మూడు విధాలుగా కాపాడుకోవడం నాకు ఎంతో అద్భుతంగా తోస్తుంది.

జంతువుల గ్రాహకాల మధ్యే కాదు, విషానికీ మన శరీరంలోని ప్రోటీన్లకూ మధ్య కూడా పోలిక ఉంది. క్షీరదాల మెదడులో 1999లో గుర్తించిన లింక్స్1 అనే ప్రోటీన్‌ది కూడా ఆ మూడువేళ్ల ఆకారమే. అది అసిటైల్‌కోలిన్ గ్రాహకాల స్పందనను హద్దులో ఉంచుతుందే తప్ప వాటిని స్తంభింపజేయదు.

మనిషి గ్రాహకంలో 187, 189 స్థానాలు రెంటిలోనూ చక్కెర గొలుసు లేదు కనుక, కాటు పడినవారికి ఆసుపత్రిలో ఇచ్చే యాంటీవెనమే ఆధారం. ముంగిసకైనా ఈ మార్పు రక్తపింజరి విషం ముందు పనికిరాదు, ఎందుకంటే ఆ విషం ప్రధానంగా దెబ్బతీసేది రక్తం గడ్డకట్టే ప్రక్రియను.