అందరికీ సరే అన్నాను, ఇప్పుడు ఎవరికీ అందుబాటులో లేను

ప్రశ్న (ఉత్తరం పెద్దది, కుదించి ఇస్తున్నాను): నేను విజయవాడ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను, హాస్టల్లో ఉంటాను. కాలేజీ ఫెస్ట్‌కి కల్చరల్ కోఆర్డినేటర్‌ని. స్పాన్సర్లు, స్టేజీ, సౌండ్ సిస్టమ్, సర్టిఫికెట్లు అన్నీ నా మీదే పడ్డాయి. స్పాన్సర్లు ఇచ్చే డబ్బు కూడా నా ఫోన్‌పేలోకే వస్తోంది. మినీ ప్రాజెక్టు బ్యాచ్‌లో నలుగురం ఉన్నా పని చేసేది నేనొక్కదాన్నే. మిగతావాళ్ళు "పీపీటీ మేం చూసుకుంటాంలే" అన్నారు, ఇప్పుడేమో ప్రాజెక్టునే హైదరాబాద్ అమీర్‌పేటలో కొనేద్దాం అంటున్నారు. సంక్రాంతికి కోనసీమలో అమ్మమ్మగారి ఊరు వెళ్ళలేదు, ల్యాబులున్నాయని అబద్ధం చెప్పాను. ఇప్పుడు పెద్దమ్మ కొడుకు పెళ్ళి, మూడు రోజులు. ఆ తర్వాతి వారమే ఫెస్ట్, ఫెస్ట్ అయిన సోమవారం ప్రాజెక్టు రెండో రివ్యూ. పెళ్ళికి కూడా రాకపోతే మాకు కూతురే లేదనుకుంటాం అంటోంది అమ్మ. హాజరు 68 శాతానికి పడింది, నాన్నకి తెలియదు. రాత్రి రెండింటిదాకా నిద్ర పట్టదు. ఎక్కడున్నా ఇంకోచోట ఉండాల్సిందేమో అనిపిస్తోంది. ఏది వదిలెయ్యాలో చెప్పండి.

జవాబు:

ఏది వదిలెయ్యాలి అని అడిగావు గానీ తల్లీ, నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివితే నాకు కనిపించింది వేరు. ఫెస్ట్ చెడ్డది కాదు, ప్రాజెక్టు చెడ్డది కాదు, పెళ్ళి అసలే కాదు. ఈ మూడు చోట్ల ఉన్న మనుషుల్లో ఏ ఒక్కరికీ మిగతా రెండింటి సంగతి పూర్తిగా తెలియదు. నాన్నకి హాజరు సంగతి చెప్పలేదు. అమ్మకి ల్యాబులని చెప్పావు. ఫెస్ట్ వాళ్ళకి పెళ్ళి ఉందని చెప్పావో లేదో ఉత్తరంలో లేదు, చెప్పలేదనే అనుకుంటున్నాను. ప్రాజెక్టు గైడ్‌కి మీ బ్యాచ్‌లో ఎవరు ఏం చేస్తున్నారో తెలియదు. అంటే ప్రతి ఒక్కరూ నువ్వు పూర్తిగా వాళ్ళ పని మీదే ఉన్నావనుకుంటున్నారు, అందుకే ప్రతి ఒక్కరూ ఇంకాస్త అడుగుతున్నారు. నీకు రాత్రి రెండింటిదాకా నిద్ర పట్టకపోవడానికి పని ఒక్కటే కారణం కాదు, ఎవరికి ఏం చెప్పావో గుర్తుపెట్టుకోవాల్సి రావడం కూడా కారణమే.

ముందు హాజరు సంగతి తేలుద్దాం, ఎందుకంటే ఇందులో వాయిదా పనికిరానిది అదొక్కటే. జేఎన్‌టీయూ రెగ్యులేషన్ల ప్రకారం మొత్తం మీద 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే సరైన కారణం, మామూలుగా మెడికల్ సర్టిఫికెట్, చూపించి ఫీజు కడితే కండోనేషన్, అంటే తక్కువైన హాజరుకి మినహాయింపు, ఇస్తారు. 65 దాటి కిందకి పోతే డిటెన్షనే, సెమిస్టర్ మళ్ళీ చదవాలి. మీది అటానమస్ కాలేజీ అయితే వివరాల్లో కాస్త తేడా ఉండొచ్చు, ఆఫీసులో అడుగు. ఇంకోటి, నీకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంటే దానికీ 75 శాతం అడుగుతారు. ఆ ఫీజు భారం నాన్న మీద పడకూడదు కదా. కండోనేషన్ ఉందిలే అని ఇప్పుడే దాని మీద ఆశపెట్టుకోకు, అది నిజంగా జ్వరం వచ్చి మంచాన పడ్డ రోజుకి దాచుకోవాల్సింది.

శాతాలు చూస్తే భయమేస్తుంది, పీరియడ్లలో లెక్క వెయ్యి, దారి కనిపిస్తుంది. ఇప్పటిదాకా 300 పీరియడ్లు జరిగాయి, నువ్వు 204కి వెళ్ళావు అనుకుందాం, అదే 68 శాతం. సెమిస్టర్ చివరిదాకా ఇంకో 240 ఉన్నాయనుకో. మొత్తం 540, అందులో 75 శాతం అంటే 405. నీకు ఇంకా 201 కావాలి, అంటే 39 పీరియడ్లు పోయినా ఫరవాలేదు. పెళ్ళికి మూడు రోజులు, రోజుకి ఏడు చొప్పున 21 పోతాయి. మిగిలేవి 18. స్పాన్సర్ల కోసం మధ్యాహ్నం మూడు పీరియడ్లు ఎగ్గొట్టి తిరుగుతున్నావే, అలాంటి మధ్యాహ్నాలు ఆరు, అంతే. ఈ అంకెలు నేను ఊహించి వేసినవి, నీ అసలు అంకెలు పోర్టల్లో చూసి ఇదే పద్ధతిలో వేసుకో. లెక్క ఎలా వచ్చినా నువ్వు గమనించేది ఒకటే: నీ హాజరుని పెళ్ళి ముంచదు, ఆ మధ్యాహ్నాలు ముంచుతున్నాయి. కోఆర్డినేటర్లకి ఓడీ (ఆన్ డ్యూటీ, కాలేజీ పని మీద ఉన్నట్టు హాజరు) ఇస్తామని ఫెస్ట్ ఫ్యాకల్టీ నోటిమాటగా చెప్పి ఉంటే, ఏయే తేదీలకి, ఏయే పీరియడ్లకి అన్నది ఇప్పుడే కాగితం మీద సంతకంతో తీసుకో. ఫెస్ట్ అయ్యాక ఎవరి హడావుడి వాళ్ళది.

ఇక నాన్న. కాలేజీ నుంచి మెసేజో ఉత్తరమో వెళ్ళి ఆయనకి తెలియడం కంటే నీ నోటితో తెలియడం వెయ్యి రెట్లు నయం. కోప్పడతారు, కోప్పడనీ. "ఎంసెట్‌కి అంత కష్టపడి చదివించింది స్టేజీల మీద తిరగడానికా" అనొచ్చు కూడా. ఆ మాట వెనక ఉన్నది భయం తల్లీ, పిల్ల దారి తప్పుతోందేమో అని. ఆ భయానికి వాదన వినిపించదు, లెక్క వినిపిస్తుంది. అందుకే పైన వేసిన లెక్క కాగితం ముందు పెట్టుకుని ఫోన్ చెయ్యి. "నాన్నా, ఒక సంగతి ముందే చెప్పాల్సింది, చెప్పలేకపోయాను. నా హాజరు 68కి వచ్చింది. ఇంకా ఇన్ని క్లాసులున్నాయి, ఇన్నింటికి వెళ్తే 75 దాటుతాను. మధ్యాహ్నం తిరగడం ఇవాళ్టి నుంచి ఆపేశాను. ప్రతి శనివారం నీకు పోర్టల్ స్క్రీన్‌షాట్ పంపిస్తాను." ఇంతే. ఫలానా అమ్మాయిది ఇంకా తక్కువ, ఫలానా సార్ సరిగా వెయ్యలేదు అని మొదలుపెట్టావా, మాట ఎటో పోతుంది. ఆయన కసిరినా ఆ శనివారం స్క్రీన్‌షాట్ మాత్రం మానకు.

ప్రాజెక్టు విషయంలో నేను గట్టిగానే చెప్తాను, కొనొద్దు. అమీర్‌పేటలో దొరుకుతాయి, విజయవాడలోనూ దొరుకుతాయి, రిపోర్టుతో సహా ఇస్తారు, అందరికీ తెలిసిన విషయమే. రివ్యూలో ఎగ్జామినర్‌కీ తెలుసు. వైవాలో నలుగురినీ విడివిడిగా అడుగుతారు, ఈ లైన్ తీసేస్తే ఏమవుతుంది అన్న ఒక్క ప్రశ్నకి బండారం బయటపడుతుంది. వచ్చే ఏడాది ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో రెజ్యూమెలో మొదట కనబడేది కూడా ఈ ప్రాజెక్టే. నువ్వు ఇప్పటికే మట్టిలో తేమ చూసి మోటార్ వేసే బోర్డు సగం చేశానని రాశావు, దాన్ని వదిలేసి కొన్నదాని వెనక ఎందుకు దాక్కోవాలి?

పని చెయ్యని ముగ్గురి సంగతి. వాళ్ళు సోమరులే కావచ్చు, కానీ నువ్వు వాళ్ళకి ఫలానా పని అని ఇచ్చావా? "ఏదో ఒకటి చెయ్యండి" అంటే ఎవరూ చెయ్యరు, తేలిగ్గా ఉన్న పీపీటీ పట్టుకుంటారు. రీడింగులు రోజుకో రకంగా వస్తున్నాయని నీ ఉత్తరం చివర ఒక ముక్క రాశావు చూడు, అది ఒకరికి సరిపడే పని. రెండు కాళ్ళ చవక సెన్సర్ తడి మట్టిలో కరెంటుకి తుప్పు పట్టి రీడింగు మారుస్తుంది, ఈ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. హాస్టల్ వెనకాల రెండు కుండీలు పెట్టి, ఒకదానికి నీళ్ళు పోసి ఒకటి ఎండనిచ్చి, రోజూ ఒకే టైముకి రెండింటి రీడింగు నోట్‌బుక్‌లో రాయడం ఒకరికి ఇవ్వు. కోడ్ జోలికి పోనక్కర్లేదు, సాకు చెప్పడానికీ ఉండదు. రిలే, మోటార్ వైరింగు ఒకరికి. రిపోర్టు ఇంకొకరికి, అందులో ఆ రీడింగుల గ్రాఫ్ తప్పనిసరి. కోడ్ నీది. ఈ నాలుగూ ఒక పేజీలో పేర్లతో, తేదీలతో రాసి, నలుగురూ కలిసి వెళ్ళి గైడ్ చేతిలో పెట్టండి. ఎవరి మీదా ఫిర్యాదు చెయ్యొద్దు. "సార్, మేం ఇలా పంచుకున్నాం" అంటే చాలు. రివ్యూ రోజు ఆ కాగితం చూసి ఎవరిది వాళ్ళనే అడుగుతారు. పెళ్ళి మూడు రోజులూ కుండీల పని నువ్వు లేకుండానే నడుస్తుంది, ఇదీ లాభమే.

ఫెస్ట్ మానెయ్యమని నేను అనను. నీ ఉత్తరంలో స్టేజీ గురించి రాసిన రెండు వాక్యాల్లోనే నీకు ప్రాణం లేచొచ్చినట్టుంది. ఏ ఐటం వెనక ఏది వస్తే జనం లేచి వెళ్ళిపోరు, మైకులు ఎన్ని, ఫోక్ డ్యాన్స్ వాళ్ళకి డ్రెస్సు మార్చుకోవడానికి ఎంత టైము, ఇవన్నీ ఆలోచించే పిల్లవి నువ్వు. అది ఉంచుకో. స్పాన్సర్లు, సర్టిఫికెట్లు వదిలెయ్. జూనియర్ల ముందు పరువు పోతుందని రాశావు. సెకండియర్ పిల్లలకి వచ్చే ఏడు ఈ ఫెస్ట్ నడపాల్సింది వాళ్ళే, ఎవరో ఒకరు నేర్పకపోతే వాళ్ళకెలా వస్తుంది? ఇద్దర్ని కూర్చోబెట్టుకుని ఒక సాయంత్రం అప్పగించు: సప్లయర్స్ షాపు వాళ్ళ నంబరు, సౌండ్ సిస్టమ్ అతనికి ఇచ్చిన అడ్వాన్సు, ఇంకా రావాల్సిన స్పాన్సర్లు, ఎవరు ఎప్పుడు రమ్మన్నారు. పెళ్ళి తేదీలు గ్రూపులో ముందే పెట్టు. "ఈ మూడు రోజులు నేను ఉండను, ఈ ఇద్దరూ చూస్తారు." సారీలూ వివరణలూ అక్కర్లేదు, ఎవరైనా మూతి ముడుచుకుంటే ముడుచుకోనీ.

ఇప్పుడు ఇంటి సంగతి, దీని దగ్గర నేను కాస్త ఆగుతాను. చదువుకునే పిల్లలకి బంధువులతో గడపడం టైము దండగ అన్నట్టు మాట్లాడేవాళ్ళు ఎక్కువయ్యారు, నీకూ అది కొంచెం అంటింది. సంక్రాంతికి మానేసి హాస్టల్లో కూర్చుని అన్నయ్యలూ చెల్లెళ్ళూ ప్రభల తీర్థం జరిగే జగ్గన్నతోట నుంచి పెట్టిన ఫొటోలు చూసి ఏడ్చానని రాశావు. ఏడుపు రాదా మరి! పదకొండు ఊళ్ళ ఏకాదశ రుద్రులు ఆ కొబ్బరితోటలో కలిసే రోజు, గంగలకుర్రు అగ్రహారం ప్రభని, దేవుణ్ణి నిలిపిన ఆ ఎత్తైన అలంకారపు చట్రాన్ని, కౌశిక నది నీళ్ళలోంచి "శరభ శరభ" అంటూ భుజాల మీద దాటించే రోజు, చిన్నప్పటి నుంచి ఏ కనుమా తప్పని పిల్లవి నువ్వు. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్రం శకటంగా ఢిల్లీ దాకా వెళ్ళిన పండగ అది, నీకేమో అమ్మమ్మ ఊరి పండగ. అది పోగొట్టుకున్నందుకు బాధపడటంలో తప్పేం లేదు. కానీ ఆ బాధని అమ్మకి చెప్పలేదు నువ్వు, ల్యాబులన్నావు. ఆమెకి అర్థమైనదేమిటంటే, కూతురికి మేము అక్కర్లేదు.

"మాకు కూతురే లేదనుకుంటాం" అన్న మాట పెద్దది, అనకూడనిది. అయినా అది నిన్ను వదులుకునే మాట కాదు, రమ్మని పిలవడం చేతకాక అన్న మాట. ఆ మాట నొప్పించిందని నువ్వూ చెప్పొచ్చు, కాకపోతే ముందు అబద్ధం సంగతి తేల్చుకుని చెప్పు. "అమ్మా, సంక్రాంతికి ల్యాబులు లేవు, ఫెస్ట్ పని ఉండిపోయాను, నువ్వు కోప్పడతావని చెప్పలేదు. ఫొటోలు చూసి ఏడ్చాను. పెళ్ళికి మూడు రోజులూ వస్తున్నా." ఈ మాటలు ఫోన్‌లో అను, వాట్సాప్‌లో రాయకు.

వెళ్ళాక పూర్తిగా అక్కడే ఉండు. అన్నయ్యని పెళ్ళికొడుకుని చేసే రోజు మావిడాకులు కట్టేవాళ్ళలో ఉండు, ముహూర్తం ఏ అర్ధరాత్రో ఉంటే చెల్లెళ్ళతో కలిసి మేలుకుని అల్లరి చెయ్యి, వ్రతం రోజు అమ్మమ్మ పక్కన కూర్చో. చేతిలో ఫోన్ పట్టుకుని పందిరి మూల నిలబడి ఫెస్ట్ కాల్స్ మాట్లాడే పిల్లని చూస్తే అమ్మకి కడుపు మండుతుంది, నీకూ ఆ మూడు రోజులు దక్కవు. రోజుకి ఒక అరగంట, అందరూ భోజనాలయ్యాక నడుం వాల్చే వేళ, జూనియర్లకి ఫోన్ చెయ్యి. ఆ అరగంట సంగతి అమ్మకి ముందే చెప్పు. ప్రాజెక్టు లాప్‌టాప్ హాస్టల్లోనే ఉండనీ.

నిద్ర గురించి ఒక్క మాట. నాన్నకీ అమ్మకీ చెప్పేశాక చాలామటుకు సర్దుకుంటుందనే అనుకుంటున్నాను. అలా కాకుండా పెళ్ళి నుంచి వచ్చాక కూడా పట్టకపోతే, తిండి సయించకపోతే, ఊరికే ఏడుపొస్తుంటే ఓర్చుకుంటూ కూర్చోకు. టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపే ఉచిత లైన్ ఉంది, నంబరు 14416, ఏ వేళ చేసినా తెలుగులోనే మాట్లాడతారు. మీ కాలేజీలో కౌన్సెలర్ ఉంటే వాళ్ళ దగ్గరికీ వెళ్ళొచ్చు.

చివరిగా, నువ్వు చిన్న విషయంలా రాసి వదిలేశావు గానీ నన్ను అన్నిటికంటే కంగారు పెట్టింది ఆ ఫోన్‌పే సంగతి. స్పాన్సర్ల డబ్బు ఒక విద్యార్థిని సొంత ఖాతాలోకి రావడం మంచిది కాదు, నువ్వు ఎంత నిజాయితీగా ఉన్నా సరే. రేపు ఎక్కడో ఐదొందలు తేడా వస్తే నీ పేరే చెప్తారు. స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేసుకో, ఎవరు ఏ తేదీన ఎంత పంపారో, నువ్వు ఎవరికి ఎంత ఇచ్చావో ఒక కాగితం మీద రాయి, బిల్లులు జతచెయ్యి, మిగిలిన డబ్బు ఫ్యాకల్టీ కోఆర్డినేటర్ చెప్పిన కాలేజీ ఖాతాకి పంపి, ముట్టినట్టు ఆయన సంతకం తీసుకో. ఇకమీదట ఎవరు ఇచ్చినా నేరుగా ఆ ఖాతాకే. ఇదంతా అయ్యాకే అమలాపురం బస్సెక్కు.